బంతి, బూటు, తారు రోడ్డు

‘మ్యాడ్ మ్యాక్స్’ అనగానే చాలామందికి ఎడారీ, అందులో తిరిగే వింత బండ్లూ గుర్తొస్తాయి. అవన్నీ తర్వాతి భాగాల సంగతులు. 1979లో వచ్చిన మొదటి సినిమా ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ చుట్టుపక్కల మామూలు తారు రోడ్ల మీద తీసిన పగ కథ. పెట్టుబడి మహా అయితే నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. దర్శకుడు జార్జ్ మిల్లర్ చదివింది వైద్యం. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తూ రోడ్డు ప్రమాదాల గాయాలు కళ్లారా చూసినవాడు. అలాంటివాడు తన సినిమాలో గాయాన్ని ఎంత తక్కువగా చూపించాడో గమనించాలి.

హీరో మ్యాక్స్ భార్య జెస్సీ పసివాణ్ణి ఎత్తుకుని రోడ్డు మీద పరుగెడుతుంటుంది. వెనక మోటారు సైకిళ్ల ముఠా. పక్కకు తప్పుకోవచ్చు కదా అని మనకు తోచేలోపే బండ్లు మీదికి వచ్చేస్తాయి. బండి మనిషిని గుద్దడం మనం చూడం. రోడ్డు మీద ఒక బంతి, ఒక బూటు దొర్లడం మాత్రం చూస్తాం. మ్యాక్స్ వచ్చేసరికి కూడా కెమెరా దగ్గరికి వెళ్లదు. ఆ దూరమే గుండె పిండేస్తుంది.

మొదటి ఛేజింగ్‌లోనూ ఇదే నిగ్రహం. అవతల బీభత్సం జరుగుతుంటుంది. ఇవతల మ్యాక్స్ బూట్లు, చేతి తొడుగులు, నల్లకళ్లద్దాలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. ముఖం మాత్రం వేట ముగిశాకే చూపిస్తాడు మిల్లర్. ఆ వేటలో నుజ్జయిన నీలం వ్యాన్ మిల్లర్ సొంతదే! ఛాయాగ్రాహకుడు డేవిడ్ ఎగ్బీ పరుగెత్తే బైకు వెనక సీట్లో కూర్చుని కెమెరా పట్టాడు. స్పీడోమీటరు ముల్లు ఎగబాకుతుంటే మన చేతులు కుర్చీని పట్టుకుంటాయి.

మధ్యలో కథ కాస్త సాగుతుంది, బ్రయన్ మే సంగీతం అవసరానికి మించి మోగుతుంది. అయినా కూర్పు సినిమాను నిలబెడుతుంది. మూకీ సినిమాల భక్తుడైన మిల్లర్ చివరి కూర్పు వంటింట్లో కూర్చుని చేస్తే, నిర్మాత బైరన్ కెనెడీ ముందుగదిలో శబ్దం కత్తిరించాడట. ఈ సినిమా ప్రపంచమంతా ఆడి పది కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది.

అసలు పగ మొదలయ్యేది సినిమా చివర్లోనే, అయిపోయేదీ అంతే వేగంగా. ముఠాలో ఆఖరివాడి కాలికి సంకెళ్లు తగిలించి, కారుతున్న పెట్రోలు దగ్గర వదిలి, చేతికొక రంపం ఇచ్చి మ్యాక్స్ వెళ్లిపోతాడు. మంట అంటుకునేలోపు సంకెల కోయడానికి టైము చాలదు, కాలు కోసుకోవడానికి చాలుతుంది. ఆ లెక్క అతను చెప్పే తీరులో కోపం ఉండదు, తృప్తీ ఉండదు. షూటింగ్ నాటికి మ్యాక్స్‌గా వేసిన మెల్ గిబ్సన్‌కు 21 ఏళ్లు. అంత చిన్న వయసు నటుడి చేత అన్ని భావాలూ అణిచిపెట్టించి ఆ సన్నివేశం నడిపించడం, నా దృష్టిలో, ఈ సినిమాలోని ఏ ఛేజింగ్ కన్నా కష్టమైన పని.