పలుకు నుండి పలుకుబడికి: మెదకుసీమలో ప్రసంగం, వ్యాసం, వినతిపత్రం

వ్యాససంగ్రహం

ప్రసంగానికి, వ్యాసానికి, లేఖకు ఉండే శక్తిని శైలిలోనే వెదకడం విమర్శలో పరిపాటి. అధికారానికి ఎదురుగా నిలబడి పలికిన మాటకు ఆ కొలత చాలదు. ఆ మాట వినవలసినవారిని జవాబుకు కట్టుబడేలా చేసిందా లేదా అన్నది కూడా దాని వాగ్మితలో భాగమే. 1921 నాటి హైదరాబాదు సభ, 1930 నాటి జోగిపేట సభ, 1990లో సుప్రీంకోర్టుకు చేరిన పటాన్‌చెరు కాలుష్య వ్యాజ్యం, నేటి హత్నూర ప్రాంతానికి వర్తించే ప్రజాభిప్రాయ సేకరణ నియమాల ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వాగ్మిత, విన్నపం, ఆంధ్ర మహాసభ, గోలకొండ పత్రిక, నక్కవాగు, హత్నూర

1. ప్రవేశిక

తెలుగులో 'పలుకుబడి' అనే పదానికి రెండర్థాలు. మాట్లాడే తీరు, నుడికారం ఒకటి. నలుగురిలో మాట చెల్లించుకోగల శక్తి మరొకటి. ఒకే పదంలో ఈ రెండూ కలిసి ఉన్నా, లోకంలో మాత్రం ఎప్పుడూ కలిసి ఉండవు. చక్కని నుడికారం ఉన్నవారి మాట కచేరీలో చెల్లకపోవచ్చు. చెల్లుబాటున్నవారికి నుడికారమే అవసరం రాకపోవచ్చు. మొదటి అర్థం నుండి రెండవ అర్థానికి మాట ఎలా ప్రయాణిస్తుందన్నదే వాగ్మితను గూర్చిన అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి హత్నూర పరిసరాలు అనువైనవి. సంగారెడ్డికీ నర్సాపూరుకూ నడుమ ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఒకవైపు నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు తొలి వేదికయిన జోగిపేట, మరొకవైపు పారిశ్రామిక కాలుష్యం వల్ల న్యాయస్థానాల రికార్డులకెక్కిన పటాన్‌చెరు ఉన్నాయి. అరవై ఏళ్ల ఎడంలో ఈ రెండు చోట్లా సామాన్యుడి మాట అధికారాన్ని తాకింది. తాకిన పద్ధతులు వేరు. పోలిక మాత్రం గమనింపదగినది.

2. శాస్త్రంలో విన్నపానికి చోటు

అరిస్టాటిల్ వాగ్మితను మూడు ఆధారాలపై నిలిపాడు: వక్త మీద కలిగే విశ్వాసం, శ్రోతలో రేగే భావం, వాదంలోని యుక్తి. భారతీయ ఆలంకారికులు ఉపదేశాన్ని మరొక విధంగా విభజించారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానంలో వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోనూ ఈ విభాగం కనిపిస్తుంది. వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రునిలా నచ్చచెబుతుంది, కావ్యం కాంతలా మనసు కరిగించి ఒప్పిస్తుంది.

ఈ మూడింటిలోనూ చెప్పేవారికి ఏదో ఒక అధికారమో చనువో ఉంది. కింద నిలబడి పైకి చెప్పే మాటకు ఈ విభాగంలో చోటు లేదు. ప్రభువుకు చెప్పుకొనే మాట ప్రభుసమ్మితం కాజాలదు. దానిని తెలుగు విన్నపం అంది, పరిపాలన అర్జీ అంది, నేటి వ్యవహారం వినతిపత్రం అంటున్నది.

శాస్త్రం పేరు పెట్టకపోయినా సాహిత్యంలో దీని నిర్మాణం స్పష్టంగానే ఉంది. గోలకొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న కీర్తనలు ఇందుకు నిదర్శనం. వాటిలో స్తుతి ఉంది, దైన్యం ఉంది. చేయించిన నగలకు అయిన ఖర్చును లెక్కచెప్పి దేవుణ్ణే నిలదీయడమూ ఉంది. స్తుతి వినేవారి గౌరవాన్ని నిలుపుతుంది, లెక్క వాస్తవాన్ని నిలుపుతుంది, నిష్ఠూరం జవాబును కోరుతుంది. విన్నపానికి ఈ మూడూ అంగాలు. మూడవది లోపిస్తే విన్నపం వేడుకోలుగా మిగిలిపోతుంది.

3. వినని సభ

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. ధొండో కేశవ కర్వే అధ్యక్షుడు. ఇతర భాషల ప్రసంగాలను నిశ్శబ్దంగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగానే అల్లరితో ఆయనను సాగనీయలేదు. అవమానపడిన తెలుగువారు బయటికి వచ్చి ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు.

ఈ సంఘటనను భాషాభిమాన చరిత్రలో భాగంగా చెప్పుకోవడం వాడుక. వాగ్మిత దృష్టితో చూస్తే ఇందులో మరొక విశేషం ఉంది. ఫలితాన్నిచ్చింది పూర్తయిన ప్రసంగం కాదు, ఆగిపోయిన ప్రసంగం. వక్త నైపుణ్యాన్ని పరీక్షించే అవకాశమే సభ ఇవ్వలేదు. అరిస్టాటిల్ చెప్పిన మూడు ఆధారాలకూ ముందుగా ఉండవలసిన నాలుగవది, అంటే వినే ఏర్పాటు, అక్కడ లోపించింది. వెంకటరామారావు తోటివారు మరింత గట్టిగా మాట్లాడే ప్రయత్నం చేయలేదు, తమ మాట వినపడే వేదికను నిర్మించుకొన్నారు. తర్వాతి దశాబ్దపు పుస్తికలు, పత్రికలు, సభలు ఈ నిర్ణయం నుండి పుట్టినవే.

4. పాలకుని మాటే ప్రమాణం

మాడపాటి హనుమంతరావు కార్యదర్శిత్వంలో ఉద్యమం ప్రచురించిన చిన్న పుస్తికల్లో వర్తక స్వాతంత్ర్యం, వెట్టిచాకిరి వంటి విషయాలు ఉన్నాయి. అవి ఆవేశపూరిత వ్యాసాలు కావు. ఆయా విషయాలపై ప్రభుత్వమే జారీచేసిన ఉత్తర్వులను తెలుగు చదువరికి అందించడం వాటి ప్రధాన పద్ధతి. అలంకారం తక్కువైన ఈ రచనల్లో వాదం బలమైనది. వెట్టి అన్యాయమని రచయిత అనవలసిన పని లేదు. పాలకుడే కాదన్న పనిని అతని కింది ఉద్యోగి ఎలా చేయిస్తున్నాడన్న ప్రశ్న చదువరి మనసులో తానై మొలుస్తుంది. పైవాని మాటతోనే పైవాని యంత్రాంగాన్ని కట్టడి చేయడం విన్నపకళలో మెరుగైన పనితనం.

సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926 మే 10న వెలువడిన గోలకొండ పత్రిక ఈ పద్ధతిని వ్యాసరూపంలోకి విస్తరించింది. సంపాదకీయాలపై ముందస్తు అనుమతి ఆంక్ష వచ్చినప్పుడు ఆ స్థలాన్ని మహనీయుల సూక్తులతో నింపడం ప్రతాపరెడ్డి ఎంచుకొన్న మార్గం. సూక్తి ఎవరిదో పాతమాట, దానిని ఆ రోజున ఆ స్థలంలో అచ్చువేయడమే కొత్తమాట. సందర్భమే అక్కడ వ్యాఖ్యానమైంది. తెలంగాణలో కవులు లేరన్న వ్యాఖ్యకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడూ ఇదే తర్కం పనిచేసింది. ఖండనవ్యాసం రాసి ఉంటే ప్రతిఖండన వచ్చేది. లెక్కకు ఎదురులెక్క లేదు.

5. జోగిపేట: అనుమతి నీడలో వాక్కు

సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలంలో, 1930 మార్చిలో, తొలి ఆంధ్ర మహాసభ జోగిపేటలో ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. దానితోపాటు జరిగిన మహిళాసభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. తొలి సభలు రాజకీయాలకు ఎడంగా ఉండి, విద్య, సాంఘిక సంస్కరణ వంటి విషయాలకు పరిమితమయ్యాయి.

ఈ పరిమితిని పిరికితనంగా చూసే విమర్శకు అవకాశం ఉంది. రాజకీయాలు మాట్లాడని సభ యథాస్థితికి ఊతమిస్తుందన్న వాదం నిరాధారమేమీ కాదు. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యేనాటికి మహాసభ స్వరమే మారిందన్నదీ నిజమే. అయితే తొలిసభల ప్రధాన ప్రక్రియ ఉపన్యాసం కాదు, తీర్మానం. ఉపన్యాసం శ్రోతలతో ముగుస్తుంది. తీర్మానానికి ప్రతిపాదకుడు, బలపరచేవారు, పాఠం, తేదీ ఉంటాయి, వచ్చే ఏడు దానిని తిరిగి ప్రస్తావించే వీలుంటుంది. మాతృభాషలో చదువు కావాలన్న కోరిక తీర్మానరూపం పొందినప్పుడు అది ఒక వ్యక్తి గొంతును దాటిపోతుంది. అనుమతి తీసుకొని మాట్లాడిన సభ తన తరఫున ఒక పత్రాన్ని మిగుల్చుకొంది.

6. నక్కవాగు: గోడు నుండి కొలతకు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో ఏర్పడి, తర్వాతి దశాబ్దంలో బొల్లారం వైపు విస్తరించింది. పరిశ్రమల వ్యర్థజలం వాగుల్లోకి, నక్కవాగు ద్వారా మంజీరలోకి చేరింది. పంటలు, బావులు, పశువులు దెబ్బతిన్న రైతుల గోడు ఏళ్లతరబడి అర్జీలుగా సాగింది. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో దాఖలుచేసిన రిట్ పిటిషన్ ఆ గోడుకు న్యాయభాష ఇచ్చింది. రైతులకు పరిహారం, గ్రామాలకు మంచినీరు వంటి విషయాల్లో ఆదేశాలు వచ్చాయి. 2001లో హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయిన ఈ వ్యాజ్యం 2017లో ముగిసింది.

విన్నపం వ్యాజ్యంగా మారినప్పుడు సాధించినదీ ఉంది, పోగొట్టుకొన్నదీ ఉంది. ప్రతివాది ప్రమాణపత్రం దాఖలుచేయక తప్పదు, అంటే జవాబు బాధ్యతగా మారింది. గోపన్న కీర్తనలోని నిష్ఠూరం చేయవలసిన పనిని ఇక్కడ న్యాయప్రక్రియ చేసింది. కాని భాష మారింది. వాగునీటి రంగును, వాసనను, చేనిలో మాడిన వరిని చెప్పిన తెలుగు మాట ఇంగ్లీషు పత్రాల్లో కొలతల పట్టికయింది. మాట తనదైనా దాని పాఠం రైతు చదువుకోలేనిదయింది.

కొలతలకు శక్తి లేదని కాదు. 2007లో యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు చూపింది. ఆ ఒక్క అంకె ఏ ఉపన్యాసమూ చేయలేని విధంగా ప్రపంచపు దృష్టిని ఈ వాగుల మీదికి మళ్లించింది. విన్నపంలో లెక్క అనే అంగం ఎంత బలమైనదో ఇది మరోసారి రుజువు చేసింది. అయితే లెక్క చెప్పేవాడు వేరు, నష్టపోయినవాడు వేరు అయినచోట, రెండవవాడు తన విషయంలో తానే శ్రోతగా మిగిలే ప్రమాదం ఉంది.

7. హత్నూర: చదివి వినిపించవలసిన మాట

పరిశ్రమలు పటాన్‌చెరు దాటి హత్నూర దాకా వచ్చాయి. నేడు ఇక్కడి రైతు అధికారికంగా మాట్లాడగల వేదికల్లో ముఖ్యమైనది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ నిర్దేశించిన ప్రజాభిప్రాయ సేకరణ సభ. దాని నియమాలు వాగ్మిత దృష్టితో చదవదగినవి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. సభను వీడియో తీయాలి. చెప్పిన అభిప్రాయాలను నమోదుచేసి, సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలు, వాటికి దరఖాస్తుదారు ఇచ్చిన సమాధానాలు రెండు భాషల్లో జతచేయాలి.

1921లో లోపించిన వినే ఏర్పాటు, 1930లో తీర్మానం కూర్చిన పత్రం, 1990లో వ్యాజ్యం సాధించిన జవాబు: ఈ మూడింటినీ కాగితం మీద ఈ నియమాలు ఒకచోట చేర్చాయి. లోపాలూ అక్కడే ఉన్నాయి. ఆమోదం పొందిన పారిశ్రామికవాడల్లోని ప్రాజెక్టులకు ప్రజాసంప్రదింపు నుండి మినహాయింపు ఉంది. సభకు కనీస హాజరు నియమం లేదు. సమాధానం ఇవ్వాలన్న నిబంధన ఉన్నా, అది ఎంత సూటిగా ఉండాలో చెప్పే కొలత లేదు. బోరునీటి గురించి అడిగిన ప్రశ్నకు ఉద్యోగాల గురించి జవాబిచ్చినా నమోదు పూర్తయినట్లే. సారాంశం తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన తెలుగైపోదు. అర్థంకాని అనువాదం, అల్లరిచేసే సభ, ఫలితంలో ఒకటే: రెండూ మాటను సాగనీయవు.

విమర్శకు ఇక్కడ పని ఉంది. కావ్యానువాదాన్ని పరిశీలించినంత శ్రద్ధతో ఈ సారాంశాలను, నమోదులను, జవాబులను పరిశీలించవచ్చు. ప్రశ్న ఏ మాటల్లో అడిగారు, రికార్డులో ఏ మాటలుగా మారింది, జవాబు దేనికి వచ్చింది అన్న మూడు పాఠాలను పక్కపక్కన పెడితే, మాట ఎక్కడ బలం కోల్పోయిందో తెలుస్తుంది.

8. ముగింపు

మెదకుసీమ చరిత్రలో ప్రభావం చూపిన మాటలు ఎక్కువగా గంభీరోపన్యాసాలు కావు. ఆగిపోయిన ప్రసంగం, ఉత్తర్వుల పుస్తిక, సూక్తుల సంపాదకీయం, కవుల జాబితా, తీర్మానం, వ్యాజ్యం – వీటన్నింటిలోనూ అలంకారం తక్కువ, అమరిక ఎక్కువ. అవతలివారు తప్పించుకోలేని రూపాన్ని ఎంచుకోవడమే వీటి వాగ్మిత. ఆ రూపం సామాన్యుడి భాషను దాటిపోయినచోట గెలుపు కూడా సగమే అయింది.

హత్నూరలో ఒక రైతు మైకు ముందు నిలబడి తన బావి సంగతి చెప్పినప్పుడు, ఆ మాట తెలుగులో నమోదై, తెలుగులో తిరిగి వినిపించి, అడిగినదానికే జవాబు వస్తే పలుకు పలుకుబడి అవుతుంది. లేనినాడు 1921 నాటి సభ ఇంకా ముగియలేదనే అనుకోవాలి.