డెర్బీ పరుగు: ఒక లఘుచిత్ర సమీక్ష

అమెరికాలో త్రిమితీయ ముద్రణ యంత్రాలు తయారుచేసే త్రీడీ సిస్టమ్స్ సంస్థ 2014 డిసెంబరులో ఒక లఘుచిత్రం విడుదల చేసింది. అందులో కథానాయకుడు డెర్బీ అనే కుక్క. ముంగాళ్ళు సరిగా ఎదగకుండానే పుట్టింది. మోచేతుల కింద కురచగా మిగిలిన ముంజేతులే గాని పాదాలు లేవు. కొద్ది నిమిషాల చిత్రం ముగిసేసరికి అదే కుక్క కృత్రిమ కాళ్ళతో యజమానులతో కలిసి పరుగులు తీస్తుంది. లోకమంతా చూసి మురిసిపోయింది. మురిసిపోవలసిన దృశ్యమే. అయితే విజ్ఞానశాస్త్రం చదువుకునేవారు ఈ చిత్రాన్ని రెండోసారి కూడా చూడాలి. దీన్ని తీసింది ఆ యంత్రాన్ని అమ్మే కంపెనీయే కదా!

డెర్బీ అవస్థ ఎంతటిదో తెలియాలంటే ఒక చిన్న లెక్క కావాలి. నిలబడి ఉన్న కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముంగాళ్ళ మీదే మోస్తుంది. తల, మెడ, ఛాతీ అటువైపే ఉండటం దీనికి కారణం. వెనుక కాలు ఒకటి పోగొట్టుకున్న కుక్క మూడు కాళ్ళతో హాయిగా తిరగడం మన వీధుల్లోనే చూస్తుంటాం. ముంగాళ్ళు రెండూ లేనప్పుడు సంగతి వేరు. ఆ భారమంతా ఛాతీ మీద, మొండి కాళ్ళ మీద పడుతుంది. చర్మం నేలకు ఒరుసుకుని పుండ్లు పడుతుంది, వెన్ను ఎప్పుడూ ముందుకు వాలే ఉంటుంది. డెర్బీకి మొదట చక్రాల బండి కట్టారు. చదునైన నేల మీద బండి మంచి సాధనమే గాని, దానితో తోటి కుక్కలతో కలిసి ఆడుకోవడం డెర్బీకి కష్టమైంది.

చిత్రంలో నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి భాగం. పరుగు పందేలలో వికలాంగ క్రీడాకారులు వాడే వంపు తిరిగిన బద్దలాంటి కాలు అందరికీ ముందుగా తోచే నమూనా. అది పెడితే మట్టిలో దిగబడిపోతుంది. అందుకని నేలకు తాకే చోట గుండ్రంగా ఉండే చట్రం ఎంచుకున్నారు. అది దిగబడదు, దొర్లినట్టుగా ముందుకు సాగుతుంది. ఫలానా ఆకారం ఎందుకు కాదో చెప్పడం మంచి ఇంజనీరింగ్ పాఠం. ఇలాంటి చిత్రాల్లో అది అరుదు.

కాని ఘనత అంతా యంత్రానికే దక్కినట్టు చూపడంతో పేచీ వస్తుంది. మొండి కాలు ఇమిడే తొడుగు సరిపోకపోతే ఎంత గొప్ప కాలైనా గంటలో బాధపెడుతుంది. ఆ తొడుగు కుదర్చడంలో జంతువుల కృత్రిమ అవయవాల నిపుణుడు డెరిక్ కంపానా అనుభవం పనిచేసింది. కాలి ఆకృతిని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాక, యంత్రం గట్టి భాగాన్నీ మెత్తటి భాగాన్నీ కలిపి ముద్రించింది. ముద్రణ వల్ల కలిగిన అసలు లాభం వేగం ఒక్కటే కాదు. కొలతలు దాచి ఉంటాయి గనుక, కాలు అరిగినా, మార్పు కావలసివచ్చినా మళ్ళీ మొదటినుంచి చేత్తో చెక్కనక్కరలేదు. ఇంకో మాట. డెర్బీకి మోచేతులు, కొంత ముంజేయి ఉన్నాయి కాబట్టే తొడుగుకు పట్టు దొరికింది. కాలు భుజం దగ్గరికి లేని కుక్కకు ఈ ఉపాయం పనికిరాదు. చిత్రం చూసి ఆశపడేవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

రోజూ రెండు మూడు మైళ్ళు, అంటే మూడు నుంచి ఐదు కిలోమీటర్ల దాకా, డెర్బీ పరుగెడుతుందని యజమానులు చెబుతారు. సంతోషమే. అయినా దూరం ఒక్కటే కొలమానం కాదు. ఏ కాలి మీద ఎంత బలం పడుతోంది, భుజం కీలు ఎంత వంగుతోంది, తొడుగు విప్పాక చర్మం ఎర్రబడిందా అన్నవే పశువైద్యుడు చూసేవి. కెమెరా వీటి జోలికి పోదు. పరుగు చూడముచ్చటగా ఉంటుంది మరి.

అంతకన్నా ముఖ్యమైన లోటు 2015లో అదే సంస్థ కొత్త కాళ్ళు చేసినప్పుడు బయటపడింది. మొదటి జత అలవాటు కావడానికి కావాలనే పొట్టిగా చేశారు. కనుక వాటితో డెర్బీ మిగతా కుక్కల్లా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోలేకపోయేది. కొత్త జతకు ఎత్తు పెంచారు, మోకాలిలా వంగే వీలు కల్పించారు. పరుగెత్తే కుక్కకు కూర్చోవడం రాదని మొదటి చిత్రం చూసిన మనలో ఎందరికి తట్టింది?

ఈ ప్రశ్న మన దేశంలో 1968లోనే జైపూర్‌లో ఎదురైంది. పాశ్చాత్య పద్ధతి కృత్రిమ పాదంతో రోగి నడవగలిగేవాడు గాని నేల మీద గొంతుకు కూర్చోలేకపోయేవాడు, బూటు లేకుండా పొలంలోకి దిగలేకపోయేవాడు. హస్తకళాకారుడు రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి రబ్బరుతో చేసిన జైపూర్ పాదం చీలమండ దగ్గర అన్నివైపులా వంగుతుంది. అక్కడ నమూనా మొదలైంది రోగి రోజంతా ఏమేం చేస్తాడన్న ప్రశ్నతో. డెర్బీ విషయంలో ఆ ప్రశ్న రెండో జత దాకా ఆగింది. అందుకే ఈ రెండు చిత్రాలూ వెంటవెంటనే చూడమంటాను, రెండోదానిలో డెర్బీ వెన్నును గమనిస్తూ.