డాబా మీద ఇరవై మీటర్ల తీగ

హెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య మాటను పంపడం, అవతలి మాటను పట్టుకోవడం రెండూ చేసే ఒకే పెట్టె. హామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో వాడేవారు, దాన్ని సెట్టు అంటారు, రిగ్గు అనీ అంటారు. పోలీసుల వాకీటాకీలు, ఎఫ్ఎం స్టేషన్లు ఇంకా పై పౌనఃపున్యాల్లో పనిచేస్తాయి. ఆ తరంగాలు దాదాపు చూపు మేర సాగి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. హెచ్‌ఎఫ్ తరంగం పైకి వెళ్ళి, అయనోవరణంలో వంగి, మళ్ళీ నేలకు దిగుతుంది. అందుకే సామర్లకోటలో డాబా మీద కట్టిన తీగకూ హైదరాబాదులో మరొకరు కట్టిన తీగకూ మధ్య టవరు, కేబులు, ఉపగ్రహం ఏవీ అక్కర్లేదు.

సెట్టు టోక్యోలో కొన్నా ఇక్కడ కొన్నా ఒకటే. దాన్ని వాడటం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. సామర్లకోటలో సెట్టు వాడటమంటే ఇక్కడి సూర్యుణ్ణి, కాలవ నీళ్ళను, తేమను, రైలు తీగలను తెలుసుకోవడం. డబ్బుతో వచ్చేది పెట్టె ఒక్కటే. మిగతాదంతా ఓపికగా వినడం వల్ల వస్తుంది, ఆ వినడమే ఈ విద్యలో విలువైన భాగం.

మొదటి మెట్టు లైసెన్సు. లైసెన్సు లేకుండా ప్రసార సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ ప్రభుత్వ అనుమతి ఉండాలన్న సూత్రం కొనసాగింది. పరీక్ష పెట్టేది కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు శ్రేణులున్నాయి. రేడియో సిద్ధాంతం, నిబంధనలు రెండింటికీ చదవాలి, జనరల్‌కు మోర్స్ కోడ్ కూడా రావాలి. నెగ్గినవారికి వీయూ2, వీయూ3 వంటి అక్షరాలతో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. గాలిలో మనిషి పేరు అదే. హైదరాబాదు సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో పుట్టింది, పరీక్షకు కావలసిన శిక్షణ ఇస్తూ వస్తోంది. వ్యాపారపు మాటలు, రహస్య సంకేతాలు, పాటల ప్రసారం హామ్‌కు నిషిద్ధం. ఆకాశం అందరిదీ కాబట్టి ఆ కట్టుబాటు న్యాయమైనదే.

ఇక సెట్టు. ఐకామ్, యాసూ, కెన్‌వుడ్ వంటి జపాను కంపెనీల సెట్లు ఎక్కువగా 100 వాట్లవి. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 వాటిలో బాగా పేరుబడ్డది. తూకం నాలుగు కిలోలకు కాస్త ఎక్కువ. దానికి 13.8 వోల్టుల డీసీ కావాలి. వింటున్నంతసేపూ ఒక ఆంపియరుకు కాస్త అటూ ఇటూగా లాగుతుంది, గట్టిగా ప్రసారం చేసేటప్పుడు 21 ఆంపియర్ల దాకా వెళుతుంది. ఇన్వర్టరుకు వాడే 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగం ఖర్చయ్యేలోపే, ఎక్కువగా విని తక్కువగా మాట్లాడేవారికి ఒక పగలూ రాత్రీ గడిచిపోతుంది. అయితే బ్యాటరీ 11.7 వోల్టుల కంటే దిగకుండా చూసుకోవాలి. అంతకు దిగితే సెట్టు పనితీరుకు పూచీ ఉండదు, ప్రసారంలో మాట చెదురుతుంది.

అంత ఖరీదు పెట్టలేనివారికి దారి చూపినది హైదరాబాదే. అక్కడి అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, 2003 ప్రాంతంలో బిట్‌ఎక్స్20 అనే సెట్టుకు రూపకల్పన చేశారు. విదేశాల నుంచి తెప్పించే భాగాలు లేకుండా, వీధి చివరి ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికేవాటితో సెట్టు తయారవ్వాలన్నది ఆయన పట్టుదల. కాయిలు చుట్టడానికి నైలాను కుళాయి వాషరు, ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ కోర్లు, ఫిల్టరుకు కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ళు వాడారు. వినేటప్పుడు ఒక దిక్కుకు, మాట్లాడేటప్పుడు ఎదురు దిక్కుకు అవే దశలు పనిచేసేలా అమర్చడం దాని గొప్పదనం. అది ఇచ్చే శక్తి సుమారు ఆరు వాట్లు. తర్వాత 7 మెగాహెర్ట్జ్‌కు బిట్‌ఎక్స్40, హెచ్‌ఎఫ్ అంతటికీ మైక్రోబిట్‌ఎక్స్ వచ్చాయి. హైదరాబాదులో మహిళలు చేత్తో కాయిలు చుట్టి తయారుచేసిన ఆ బోర్డులు ఎన్నో దేశాలకు వెళ్ళాయి. తన సెట్టు మూత తీసి, ఏ భాగం ఎందుకుందో చెప్పగలిగిన యజమాని అందరికంటే ధనవంతుడు.

సెట్టు ఎంతదైనా యాంటెనా లేకపోతే మూగదే. కొత్తవారికి అనువైనది డైపోల్, అంటే మధ్యలో కేబులు కలిపి రెండు పక్కలా సమంగా చాచిన రాగి తీగ. లెక్క సులువు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి అది 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో పక్క పది మీటర్లు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు ఉన్న ఇంటికి అది కొలిచి ఇచ్చినట్టు సరిపోతుంది. లేనివారు డాబా మీద ఒక వెదురు గడ నిలబెట్టి, మధ్య భాగం పైకి ఎత్తి, చివరలు పిట్టగోడ మూలలకు వాలుగా దించుకుంటారు. తీగ చివర నేరుగా చెట్టుకు తగలకూడదు. నైలాను తాడు, దానికీ తీగకూ మధ్య ఒక పింగాణీ లేదా ప్లాస్టిక్ ఇన్సులేటరు ఉండాలి. గాలికి కొబ్బరిచెట్టు ఊగుతుంది కాబట్టి తాడులో కొంత వదులు కూడా ఉంచాలి.

తీగ ఒక్కసారికే కుదరదు. యాంటెనా ఎనలైజరు పెట్టి చూస్తే 7.1 దగ్గర కుదరాల్సింది 6.9 దగ్గర కుదిరిందనుకోండి, తీగ పొడవైందన్నమాట. ఒక్కో పక్క 30 సెంటీమీటర్ల దాకా తగ్గించాలి. అనుభవజ్ఞులు కత్తిరించరు, ఆ మేర వెనక్కి మడిచి చుడతారు. వానాకాలంలో తడిసిన కొమ్మలు దగ్గరైతే లెక్క మళ్ళీ జరుగుతుంది.

గోదావరి డెల్టాలో అసలు శత్రువు తేమ. కేబులు, తీగ కలిసే చోట ఒక సన్నని సందు చాలు, వాననీరు కేబులు అల్లిక వెంట దారి చేసుకుని లోపలికి పాకుతుంది. మూడు నెలల్లో మెరిసే రాగి నల్లబడుతుంది. సెట్టు పాడైందని బెంగపడేవారు కేబులు చివర ఒక అంగుళం కోసి చూస్తే కారణం అక్కడే కనబడుతుంది. అందుకే అతుకును టంకం వేశాక, తనకు తానే అంటుకునే రబ్బరు టేపును సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా కింది నుంచి పైకి చుట్టి, దాని మీద ఎండకు తట్టుకునే మరో టేపు వేస్తారు. కింది నుంచి చుడితేనే పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగ పై పొర కింది పొరను కప్పి, నీళ్ళు జారిపోతాయి. కేబులు కిటికీలోకి వచ్చే ముందు ఒక వంపు కిందికి వదిలితే చుక్కలు అక్కడే రాలిపోతాయి.

నేల కూడా యాంటెనాలో భాగమే. సార్వా, దాళ్వా రోజుల్లో కాలవలు నిండుగా పారుతుంటే, చుట్టూ మళ్ళలో నీళ్ళు నిలిచి నేల విద్యుత్తును బాగా పట్టుకుంటుంది. నిలువు యాంటెనాలకు అది వరం. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తే నేల పగులుతుంది. అప్పుడు ఎర్తు గుంటలో నీళ్ళు పోస్తుండాలి. పిడుగులు ఎక్కువగా పడేదీ ఆ వేసవి సాయంత్రాల్లోనే. దూరాన ఉరుము వినబడగానే కేబులు సెట్టు నుంచి ఊడదీసి ఇంటి బయట వదలడం తప్పనిసరి అలవాటు. స్విచ్చి కట్టేస్తే సరిపోదు.

ఇక ఆకాశం. సామర్లకోట రేఖాంశం సుమారు 82.17 డిగ్రీలు. దేశమంతటికీ గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖ ఇక్కడికి తూర్పున 35 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అందువల్ల ఇక్కడ గడియారం పన్నెండు చూపే వేళకు, రుతువును బట్టి కొద్ది నిమిషాలు అటూ ఇటూగా, సూర్యుడు కూడా మధ్యాహ్నరేఖ మీదే ఉంటాడు. ఆకాశపు వేళలు నేర్చుకునేవారికి ఇది మంచి సదుపాయం. పగలు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర ఏర్పడి తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది. అయినా 7 మెగాహెర్ట్జ్ మీద, పది మీటర్ల లోపు ఎత్తులో ఉన్న డైపోల్ నుంచి దాదాపు నిట్టనిలువుగా వెళ్ళిన తరంగం, మరింత పైనున్న ఎఫ్ పొరను తాకి గొడుగు పట్టినట్టు చుట్టూ దిగుతుంది. ఉదయం వేళ విశాఖ, విజయవాడ, హైదరాబాదు, చెన్నై హామ్‌లు పక్క వీధిలో ఉన్నట్టు పలకరించుకునేది ఇలాగే. చీకటి పడ్డాక డి పొర కరిగిపోతుంది, అదే తీగ ఆగ్నేయాసియా దాకా పలుకుతుంది. 14 మెగాహెర్ట్జ్ సాయంత్రాల్లో యూరపు వైపు తెరుచుకుంటుంది. అమెరికా తూర్పు తీరంలోని తెలుగువారి ఊళ్ళకు వెళ్ళే తరంగం ఉత్తరధ్రువ ప్రాంతం మీదుగా పోవాలి కాబట్టి అది కష్టసాధ్యం. సూర్యోదయ, సూర్యాస్తమయాల దగ్గర కాచుకోవాలి.

అయస్కాంత భూమధ్యరేఖ తిరువనంతపురం దగ్గరలోని తుంబాకు చేరువగా పోతుంది. 1963లో మొదలైన రాకెట్ కేంద్రానికి ఆ చోటును ఎంచుకోవడానికి కారణం అదే. ఆ రేఖకు మరీ దూరం కాని గోదావరి డెల్టా మీద, మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో పొద్దుగుంకాక పై పొర బుడగలు బుడగలుగా చెదురుతుంది. అప్పుడు మాట వణుకుతూ వస్తుంది. ఆ పొరల కదలికలను వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు నాయకత్వాన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి పరిశీలించింది. సూర్యుని మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంటాయి. ఇప్పటి చక్రం 2019 డిసెంబరులో మొదలై 2024లో పతాకస్థాయికి చేరింది. మచ్చలు పెరిగిన ఏళ్ళలో 28 మెగాహెర్ట్జ్ మీద పది వాట్లతో ఖండాలు దాటవచ్చు.

వినడానికి అడ్డు రణగొణ. సామర్లకోట జంక్షన్‌లో హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి కాకినాడ దారి చీలుతుంది. పట్టాల మీద 25 వేల వోల్టుల తీగ ఉంటుంది, రైలింజను దాన్ని ఒరుసుకుని నిప్పురవ్వ లేచినప్పుడల్లా సెట్టులో చిటపట వస్తుంది. అది క్షణకాలపు బాధ. ఇళ్ళలోని చవక ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు మాత్రం రోజంతా గీపెడతాయి. రాత్రి ఊళ్ళో కరెంటు పోయినప్పుడు సెట్టును బ్యాటరీ మీద పెట్టి వింటే తేడా తెలుస్తుంది. సిగ్నల్ మీటరు ముల్లు ఒక్కసారిగా కిందికి వాలుతుంది, అప్పటిదాకా లేవనుకున్న బలహీనమైన గొంతులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. తర్వాత సొంత ఇంట్లోని స్విచ్చులు ఒకటొకటిగా వేసి చూస్తే దోషి దొరుకుతుంది. ఆ వస్తువు తీగకు ఫెర్రైట్ ముక్క తగిలించడం, యాంటెనాను ఇంటికి దూరంగా జరపడం మందు.

మాట్లాడే పద్ధతి ఒక సంస్కారం. ముందు వినాలి, ఆ పౌనఃపున్యం ఖాళీయేనా అని అడగాలి, అప్పుడు సీక్యూ, అంటే ఎవరైనా పలకండి అని, పిలవాలి. 10 మెగాహెర్ట్జ్ లోపు లోయర్ సైడ్‌బ్యాండు, పైన అప్పర్ సైడ్‌బ్యాండు ఆనవాయితీ. అవతలి గొంతు ఎంత స్పష్టంగా, ఎంత బలంగా ఉందో అంకెల్లో చెబుతారు. ఫైవ్ నైన్ అంటే అంతకంటే కోరుకునేది లేదని. ఊరి జాడ చెప్పడానికి గళ్ళ పటం ఉంది, అందులో సామర్లకోట ఎన్‌కే17 గడిలో ఉంటుంది. వీడ్కోలుకు సెవెంటీ త్రీ. లాగ్‌బుక్కులో కాలం యూటీసీలో రాస్తారు, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే చాలు. కొన్నాళ్ళకు, ఆ సంభాషణ జరిగిందని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు టపాలో వస్తుంది. ముఖం చూడని మనిషి చేతిరాత అది.

ఈ శ్రమకు సమాజం పక్షాన కూడా ఒక కారణం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు, కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వీయూ2ఆర్‌బీఐ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో హామ్ యాత్రలో ఉంది. ఫోన్లు మూగబోయిన ఆ ద్వీపాల నుంచి క్షేమసమాచారాలు ఆ సెట్ల ద్వారానే ఎందరికో చేరాయి. సామర్లకోట నుంచి పోర్ట్ బ్లెయిర్ బంగాళాఖాతం మీదుగా 1,300 కిలోమీటర్ల లోపే, హెచ్‌ఎఫ్ తరంగానికి ఒక్క గెంతు దూరం.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రోజు సెట్లు కొత్తగా తెప్పించినవి కావు, రోజూ పలుకుతున్నవి. తుపాను రాత్రి మొదటిసారి మైకు పట్టుకున్నవారికి ఏ వేళకు ఏ బ్యాండు ఎటు పలుకుతుందో తెలియదు. రోజూ ఉదయం అరగంట 7 మెగాహెర్ట్జ్ మీద కూర్చుని, విన్నది రాసుకున్నవారికి తెలుస్తుంది. ఏటా అక్టోబరు రాకముందే వెదురు గడ, తాడు ముడులు, టేపు చుట్టిన అతుకు, ఎర్తు గుంట, బ్యాటరీ వోల్టులు ఒకసారి చూసుకోవాలి. మామూలు రోజుల్లోనూ తుపాను రోజుల్లోనూ సెట్టుకు కావలసిన సంరక్షణ అదే.