వాపసొచ్చిన గూడు

ఆషాఢం చివర్లో ఒక పొద్దున, జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారికి కాస్త లోపలగా, పాత వ్యవసాయ బావి పక్కన కారు ఆపుకొని కూర్చున్నాను. ఊరి పేరు రాయను. గూళ్లున్న చోటు పదిమందికి తెలిస్తే పదిమందీ వస్తారు. బావి మీదికి వంగిన ఈత చెట్టుకు పద్నాలుగు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. చాలావరకు సగం అల్లినవే. ఆ దశలో గూడు హెల్మెట్‌లా ఉంటుంది, కింద అడ్డంగా ఒక పట్టీ. పసుపు తల మగపిట్ట దాన్ని పట్టుకొని వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తోంది. ఒక ఆడపిట్ట వచ్చి వాలింది. లోపలికి దూరింది. ముక్కుతో ఒక పోగు పట్టి లాగింది. ఇంకోచోట లాగి చూసింది. ఎగిరిపోయింది.

నా వేలు కెమెరా బటన్ మీదే ఉంది, నొక్కలేదు. ఆ లాగి చూడడం నాకు తెలుసు. సిరిసిల్లలో నలభై ఏళ్లు నేను చేసిన పని అదే.

నూలు కొని, బీములు నింపించి ఆసాములకు ఇచ్చేవాణ్ని. వాళ్లు తమ సాంచాల (మరమగ్గాల) మీద నేయించి తానులు తెచ్చేవాళ్లు. కూలి మీటరు లెక్కన. తానును బల్ల మీద పరిచి, వేలితో లాగి, పిక్ గ్లాస్ పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టేవాణ్ని. జేబులో పట్టే చిన్న మడత భూతద్దం అది. నా బతుకులో నేను పట్టుకున్న మొదటి లెన్సు కూడా అదే. అందులోంచి చూస్తే అంగుళం బట్ట తప్ప ఇంకేమీ కనిపించదు. పోగు తగ్గితే కూలిలో కోత. మచ్చ ఉంటే తాను వాపసు.

అరవై రెండో ఏట దుకాణం కొడుకు చేతికిచ్చాను. మోకాళ్ల కోసం నడవమన్నారు. మానేరు వాగు వైపు నడిచేవాణ్ని. రాళ్ల మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటే, అద్దకం వేసిన బట్ట దండెం మీద ఆరుతున్నట్టే అనిపించి ఫోన్‌తో ఫోటో తీశాను. నల్లటి చుక్క వచ్చింది. మర్నాడు ఇంకాస్త దగ్గరికి పోయాను, ఎగిరిపోయాయి. ఆరు నెలలకు కెమెరా, 600 మిల్లీమీటర్ల దాకా సాగే జూమ్ లెన్సు కొన్నాను.

నేర్చుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. గిజిగాడు ఆకు చీలిక నోట పట్టుకొని వచ్చేటప్పుడు షట్టర్ 1/2000 సెకనుకు తగ్గితే రెక్క అలికినట్టయిపోతుంది. ఎండ ఎక్కితే తల మీది పసుపు తెల్లబారి ఈకల గీతలు మాయమవుతాయి, అందుకని వెలుతురు ఒక మెట్టు తగ్గించి తీయాలి. నా భార్య పాత బట్టతో సంచీ కుట్టి, వడ్లు నింపి ఇచ్చింది. కారు కిటికీ మీద అది వేసి, దాని మీద లెన్సు ఆనిస్తాను. కారు దిగను. నేనున్నంతసేపూ పిట్ట అల్లడం ఆపకూడదు. ఆపిందంటే నేను ఎక్కువ దగ్గరికి వచ్చానని అర్థం. అడ్డొచ్చిందని ఒక్క ఆకు కూడా తుంచకూడదు. ఆ ఆకే గూటికి ఎండ తగలకుండా, కాకి చూపు పడకుండా కాపాడుతుంటుంది.

బడిలో జాషువా గిజిగాడి పద్యం చదువుకున్న తరం మాది. పద్యం నోటికి వచ్చింది కానీ, పిట్టను నిలబడి చూసింది లేదు. ఈ గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు పక్కనే ఉంటాయని, నైరుతి గాలివాన దెబ్బ తగలకుండా అలా కడతాయని అరవై దాటాక తెలిసింది. ఒక గూటికి ఐదు వందల దాకా రాకపోకలు. గాలికి ఊగకుండా లోపల తడిమట్టి ముద్దలు అద్దడం. ఇవన్నీ మా సాంచాల చప్పుడుకు కూతవేటు దూరంలోనే జరుగుతూ వచ్చాయి.

ఈ పిట్ట గుట్టు తేల్చిన సలీం అలీ కూడా ఒకప్పుడు వ్యాపారంలో ఉన్నవాడే. 1914లో ఇంటివాళ్ల గనుల, కలప వ్యాపారం చూడడానికి బర్మాలోని తవోయ్ వెళ్లాడు. అది కలిసిరాలేదు. ఆ తర్వాత బొంబాయిలో దొరికిన ఉద్యోగం కూడా పోయాక, 1930లో కిహీం అనే సముద్రతీరపు పల్లెలో గిజిగాళ్ల గూళ్ల ముందు కూర్చున్నాడు. సగం గూడు ఆడపిట్టకు నచ్చితేనే మగపిట్ట దాన్ని పూర్తి చేస్తుందని, ఆ వెంటనే ఇంకో ఆడపిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడుతుందని రాసింది ఆయనే. ఆ మరుసటి ఏడాదే నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. ఆయన స్నేహితుడు లోక్ వాన్ థో సింగపూర్‌లో సినిమా హాళ్ల వ్యాపారి, గొప్ప పక్షి ఫోటోగ్రాఫర్. వ్యాపారం నడుపుతూనే తీశాడు. 1964లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆదివారాలు నాకూ ఉండేవి.

మా కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ బడి పెట్టి ఎందరికో నేర్పారు. ఆయన ఎక్కువగా తీసింది మనుషుల్ని, అందులోనూ ఆదివాసుల్ని. 2011లో పోయారు. నేను కెమెరా పట్టేనాటికి అడగడానికి ఆయన లేరు.

ఇక ఆ ఈత చెట్టు. పద్నాలుగింటిలో ఆరు గూళ్లు పూర్తయి గొట్టాలు దిగాయి. మిగతా ఎనిమిదీ హెల్మెట్ దగ్గరే ఆగిపోయి, పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగాయి. మొదట్లో అందరిలాగే పూర్తయిన గూళ్లే తీసేవాణ్ని. ఆ ఏడు మాత్రం ఆగిపోయిన వాటి మీంచి లెన్సు తిప్పలేకపోయాను. ఒకదాని పోగులు పిక్ గ్లాస్‌లో చూసినంత స్పష్టంగా వచ్చాయి. ఎక్కడా వదులు లేదు. ఆడపిట్టకు ఏం నచ్చలేదో నా కంటికి అందలేదు.

అప్పుడు ఒక ఆసామి గుర్తొచ్చాడు. పెళ్లిళ్ల సీజన్ అయిపోయి మార్కెట్ పడిపోయిన రోజుల్లో పన్నెండు తానులు తెచ్చాడు. “కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్డగీత పడ్డది సేటూ, మిగతా బట్ట మంచిగున్నది, ఒక్కసారి చూడున్రి” అన్నాడు. ఆ గీత నిజమే. మిగతా బట్ట నేను చూడలేదు. తలెత్తి ఆయన మొహం కూడా చూడలేదు. పన్నెండూ వాపసిచ్చాను. మార్కెట్ బాగుంటే తీసుకునేవాణ్నేనని అప్పుడూ తెలుసు.

పోయిన దసరాకు ఆ గూడు ఫోటో పెద్దగా ప్రింటు వేయించి వాళ్లింటికి తీసుకుపోయాను. సాంచాలు ఎప్పుడో తుక్కు కింద తూకానికి అమ్మేశారు. ఆ గదిలో ఇప్పుడు మనవళ్ల సైకిళ్లున్నాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని, ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టుకొని, బట్టను చూసినట్టే అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు.

“పాసయిందా సేటూ ఇది?”

“లేదు. వాపసు.”

చాలాసేపు చూశాడు. కోడలిని పిలిచి మేకు, సుత్తె తెమ్మన్నాడు. ఒకప్పుడు సాంచె నిలబెట్టిన గోడకు తానే కొట్టి, ఫోటో తగిలించి, వంకర పోయిందేమో చూడమని నన్ను నాలుగడుగులు వెనక్కి నిలబడమన్నాడు.