వచ్చేదాని కోసం ఆగాలా?

"ఇంకా స్పీడైన డ్రైవ్ వస్తోందట బాబాయ్, అదొచ్చేదాకా ఆగమంటావా?" అని మా ఇంటికి పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లలు తరచూ అడుగుతుంటారు. నేను రాబోయే సరుకు సంగతి ఎత్తను. ముందు ఆ ల్యాప్‌టాప్‌ను బోర్లించి, స్క్రూలు విప్పి లోపల ఏముందో చూస్తాను.

పదేళ్ల కిందటి మెషీన్లలో చాలావాటికి ఉండేది రెండున్నర అంగుళాల సాటా డ్రైవ్ పెట్టే చోటు ఒక్కటే. ఆ దారిలో సెకనుకు 550 మెగాబైట్లకు మించి పోవడం కష్టం. సెకనుకు 7,000 మెగాబైట్లు చదివే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు ఇప్పటికే బజారులో ఉన్నాయి. వాటికే అందులో చోటు లేనప్పుడు, ఇంకా రాబోయేదాని కోసం ఆగి ఏం లాభం? ఎం.2 స్లాట్ కనిపించినా సంబరపడిపోకూడదు. కొన్ని స్లాట్లు సాటా రకాన్నే గుర్తిస్తాయి. మోడల్ నంబరు పెట్టి మాన్యువల్ వెతికాకే డబ్బు తీయాలి.

అసలు మార్పు తిరిగే డిస్క్‌ను వదిలించుకోవడంలోనే ఉంది. 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన డేటా హెడ్ కిందికి వచ్చేసరికి సగటున సగం చుట్టు పడుతుంది. హెడ్ అటూ ఇటూ జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ లేచేటప్పుడు చిన్నా చితకా ఫైళ్లు వేలల్లో అడుగుతుంది, ప్రతిసారీ ఇదే వెతుకులాట. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కనుక ఆ ఆలస్యం మిల్లీసెకనులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేసినా పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం లేచొస్తుంది. అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి వెళితే, పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు తప్ప రోజువారీ పనిలో తేడా పెద్దగా తెలియదు.

ధర తగ్గుతుందని ఆగేవాళ్లూ ఉన్నారు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి, హార్డ్ డిస్కుల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఫ్లాష్ మెమరీ కూడా 2023లో బాగా చవకై, తర్వాత మళ్లీ పైకి లేచింది. ఈ ఎగుడుదిగుళ్లను పసిగట్టి కొనడం మనవల్ల అయ్యే పని కాదు.

కొద్ది నెలల్లో కొత్త ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లకు మాత్రం ఆగమనే చెబుతాను. డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే ఆ సలహా కూడా చెల్లదు. అలాంటిదాన్ని మొత్తంగా క్లోన్ చేయబోతే మధ్యలోనే ఆగిపోవచ్చు. ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, సర్టిఫికెట్ల స్కాన్‌లు ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఎస్‌ఎస్‌డీలో విండోస్ కొత్తగా ఎక్కించుకోవాలి.