చక్రములోని గాలి

సైకిలునకు గాలి కొట్టుట యెవరికైనను వచ్చిన పనియే యని తలచువారు, కొట్టి ముగించిన వెంటనే పంపు గొట్టపు అడుగుభాగమును ఒకమారు అరచేత పట్టి చూడవలెను. చేయి చురుక్కుమనును. లోపలి తోలు వాషరు రాపిడియే దీనికి కారణమని పలువురందురు గాని, రాపిడి పాలు స్వల్పము. విశాలముగా నున్న గాలిని ఇరుకున కుదించుటకై మన బాహువులు పడిన శ్రమయే ఆ గాలియందు ఉష్ణముగా పరిణమించినది. పీడనము, ఘనపరిమాణము, ఉష్ణోగ్రత అను మూడును ఒకదానినొకటి విడువక వర్తించునను సత్యమును ఇంత చేరువగా చూపు పరికరమును నేను వేరొకటి యెరుగను.

1662లో రాబర్ట్ బాయిల్, గాజుగొట్టములో చిక్కిన గాలిపై పాదరసమును పోయుచు, ఒత్తిడి రెట్టింపైనచో గాలి సగము చోటికి ఒదుగునని లెక్కగట్టి ప్రకటించెను. ఉష్ణోగ్రతతో గాలి వ్యాకోచించు తీరును షార్ల్ పరిశీలింపగా, గే-లుసాక్ దానిని 1802లో లోకమునకు వెల్లడించెను.

పెన్నా జయమంగళులు కలియు మన పరిగి సీమలో వైశాఖపుటెండలు ముదిరినప్పుడు, పెనుకొండ దాపున పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై నడచివచ్చిన బండి చక్రమును తాకిచూచినచో ఈ శాస్త్రమంతయు చేతికే తెలియును. "గాలి శానా ఎక్కింది, రొంత తీసెయ్యన్నా" అని తొందరపడు డ్రైవరుతో, పంచరు అంగడిలో తలపండిన పనివాడు, "ఇప్పుడొద్దప్పా, బండి నీడన పెట్టు, సల్లారినాక సూద్దాం" అనును. ఆ మాటయందు గొప్ప వివేకము గలదు.

గేజి చూపునది చక్రములోని మొత్తము పీడనము కాదు, బయటి గాలిని మించిన భాగము మాత్రమే. కనుకనే పూర్తిగా గాలి దిగిన ట్యూబునకు సున్న చూపును. సముద్రతీరమున చదరపు అంగుళమునకు 14.7 పౌండ్లుగా నుండు వాయుపీడనము, సుమారు 620 మీటర్ల యెత్తున నున్న హిందూపురము నేలపై 13.6 పౌండ్ల ప్రాంతమున నుండును. ఉదయము 30 డిగ్రీల చల్లదనములో 32 పౌండ్లు పట్టించిన కారు చక్రములో నిజముగా నున్నది 45.6. మధ్యాహ్నమునకు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరినదనుకొందము. డిగ్రీలకు 273 కలిపి పరమశూన్యము నుండి లెక్కింపగా 303 కాస్త 333 అగును, పీడనమును అదే నిష్పత్తిలో 50.1కి పెరుగును, గేజి 36.5 చూపును. ఒక్క గుక్కెడు గాలియు క్రొత్తగా చేరలేదు, రబ్బరు మరీ సాగనందున చోటును పెరుగలేదు.

ఆ హెచ్చిన నాలుగున్నర పౌండ్లను అప్పుడే తీసివేసిన డ్రైవరునకు, మరునాటి చల్లని వేళ గేజిపై కనబడునది 28 మాత్రమే. గాలి తగ్గిన చక్రము నేలనంటినప్పుడెల్ల ఎక్కువగా నలుగును. ఆ నలుగుడుచేత రబ్బరు మరింత వేడెక్కును. బరువు మోయు లారీలలో ఈ దోషము టైరు పగులుట వరకు పోవును. పెరిగిన పీడనము చక్రమును బిగువుగా నిలిపి నలుగుడును తగ్గించుచున్నదను సంగతిని గ్రహించినవాడు వేడిలో వాల్వు ముట్టడు.

దీనికి విపర్యాసము ధనుర్మాసమున కనబడును. వేసవిలో 32 పట్టించిన చక్రము, 16 డిగ్రీల తెల్లవారుజామున 30కి దిగి, ఎచ్చటనో కారినట్లు భ్రమ గొలుపును. ఆ భ్రమలో ట్యూబు విప్పించి కూలి పోగొట్టుకొను వారిని చూచి నాకు నొప్పి కలుగును. వాల్వు మొనపై తడివ్రేలు అద్ది బుడగ లేచునేమో చూచి, లేవనిచో రెండు పౌండ్లు పట్టించి పంపిన చాలును.