ఆదివారం ఎవరికి సెలవు?

చెన్నై టి. నగర్‌లో ఆదివారం సెలవు రోజు కాదు, వారం మొత్తంలో ఒళ్లు హూనమయ్యే రోజు. మాంబళం స్టేషన్‌లో దిగిన జనం తోసుకుంటూ రంగనాథన్ వీధిలోకి వచ్చేసరికి బట్టల కొట్లలో కుర్రకారు సిద్ధంగా నిలబడి ఉండాలి. చీర మీద చీర విప్పి చూపించేదీ, బిల్లు కొట్టేదీ, ఎవరూ కొనని చీరలను మళ్లీ మడతపెట్టేదీ ఎక్కువగా ఇరవైల్లో ఉన్నవాళ్లే. మరోపక్క క్రైస్తవ సంఘాల్లో యవ్వనస్థులు ఎందుకు రావడం లేదన్న బెంగ. గిటారు పెడదాం, డ్రమ్స్ పెడదాం, పాటలు తెర మీద వేద్దాం అంటారు. అవన్నీ మంచివే. కానీ యువతను అక్కున చేర్చుకునే సహవాసం కట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది గడియారం సంగతి. కూడిక ఏ వేళకో నిర్ణయించిన క్షణమే, ఎవరు రాగలరో ఎవరు రాలేరో కూడా నిర్ణయమైపోతుంది.

ఆదివారం ఉదయపు ఆరాధన వేళ మొదటినుంచీ ఉన్నదని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 321లో విశ్రాంతి దినంగా ప్రకటించేదాకా రోమా సామ్రాజ్యంలో ఆదివారం మామూలు పని రోజే. సుమారు 112లో బితూనియ అధిపతి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకునేవారనీ, విడిపోయి భోజనానికి మళ్లీ కలిసేవారనీ ఉంది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయ సంఘం కూడింది రాత్రిపూట, మేడగదిలో, ఎన్నో దీపాల వెలుగులో. కిటికీలో కూర్చుని నిద్రలోకి జారి కిందపడిన ఐతుకును ప్రసంగాల్లో మందలింపుకే వాడుకుంటాం. పగలంతా పనిచేసి వచ్చిన కుర్రాడై ఉంటాడని నాకనిపిస్తుంది. అంత అలసిపోయినవాడికీ ఆ గదిలో చోటు దొరికింది. వాడు పడగానే పౌలు మాట ఆపి కిందికి దిగి వచ్చాడు.

ఇక బట్టల కొట్టుకూ యువజన సహవాసానికీ ఉన్న బంధం పాతదే. 1844లో లండన్‌లో వై.ఎం.సి.ఎ.ను మొదలుపెట్టిన జార్జ్ విలియమ్స్ బట్టల కొట్టు గుమాస్తా, అప్పటికి వయసు 22. పొద్దుటినుంచి రాత్రిదాకా కొట్లో నిలబడి, ఆ పైగదుల్లోనే పడుకునే కుర్రాళ్లు పని ముగిశాక ప్రార్థనకు కూడుకోవడమే దాని పుట్టుక. 1890లో అది మద్రాసుకు వచ్చింది. టి. నగర్ పక్కనే నందనంలో ఉన్న వ్యాయామ విద్యా కళాశాల దానిదే. రంగనాథన్ వీధి కొట్లలో పనిచేసేవారి బతుకును వసంతబాలన్ 2010లో ‘అంగాడి తెరు’ సినిమాగా తీశారు. 2021లో తమిళనాడు, కొట్లలో పనివారికి కూర్చునే ఆసనం ఇచ్చితీరాలని చట్టం చేసింది. కూర్చోవడానికే చట్టం అవసరమైన పిల్లలను పిలిచి, అరగంటసేపు నిలబడి పాడమనడం న్యాయమేనా? ముందు కుర్చీ, తర్వాత అన్నం, ఆ తర్వాతే పాట.

అన్నం మాట ఊరికే అనలేదు. సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం మొదలుపెట్టారు. అక్కడినుంచి హైదరాబాద్ హెబ్రోను సంఘం దాకా ఆ సహవాసాలకు ప్రేమవిందు గుర్తింపు అయింది. ఆరాధన కాగానే అందరూ వరుసల్లో కూర్చుని ఒకే వంట తినేవారు. పక్కన కూర్చున్నవాడి కులమేదో తెలియాల్సిన పనిలేని పంక్తి అది. మన గుమ్మాల దగ్గర మాత్రం కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి “ఏ ఊరు బాబూ, మీ ఇంటిపేరేంటి?” అని అడుగుతాం. ఆ ప్రశ్న ఎందుకో వాడికి బాగా తెలుసు. దాని బదులు “డ్యూటీ ఎన్నింటికి దిగుతావు, తిన్నావా?” అంటే చాలు.

ఆదివారాన్ని వదిలేస్తే ప్రభువు దినానికి విలువేముంటుందని పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ మాటలో భక్తి ఉంది, కాదనను. ఉదయపు ఆరాధనను ఎవరూ తీసేయమనడం లేదు. వారపు సెలవు వంతులవారీగా బుధవారమో గురువారమో వచ్చేవారికి ఆ రోజునో, పని ముగిశాక రాత్రివేళో మరో కూడిక ఉండాలంటున్నాను. అలాచేస్తే సంఘం రెండుగా చీలుతుందన్నది ఇంకో భయం. నిజానికి అది ఇప్పటికే చీలి ఉంది. ఒక భాగం కొట్లలో ఉండటంతో మనకు కనబడటం లేదు. యువతను ఒంటరిగా వదలకుండా, వారానికి ఇద్దరు పెద్దలైనా వంతు వేసుకుని వాళ్లతో కూర్చుని తింటే ఆ చీలిక కొంత పూడుతుంది. మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైంది: రాత్రి హాస్టల్ గేటు మూసేలోపు చేరుకోవాల్సిన అమ్మాయిల సంగతేమిటి? రాత్రి కూడిక వాళ్లకు పనికిరాదు. వాళ్లకు కొట్లు తెరవకముందు, ఉదయం ఏడింటికి, హాస్టల్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో, ఇడ్లీతో కలిపి ముప్పావుగంట చాలు. ఏ రోజో, ఎక్కడో వాళ్లనే అడగాలి. పాస్టర్ గారి వీలు ఆ తర్వాత చూసుకోవచ్చు.